గడప విలువ గుంటూరుకు తెలుసు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి పన్ను కట్టి చూడు అనే ముక్క కూడా కలిపి ఉండాల్సింది! సొంతింటి విలువ ఎంతో ఎవరు చెప్పాలి? కట్టుకున్నవాడా, కొనేవాడా, అద్దెకుండేవాడా, టేపు పట్టుకుని వచ్చిన పురపాలక ఉద్యోగా? ఈ ప్రశ్నతో సుప్రీంకోర్టు దాకా వెళ్లి దేశంలోని నగరాలన్నిటికీ ఓ సూత్రాన్ని తెచ్చిపెట్టిన ఊరు గుంటూరు. అక్కడికి దగ్గర్లోనే, పన్ను భారం మోయలేమంటూ ఇళ్లూవాకిళ్లూ వదిలేసి వెళ్లిపోయిన ఊరు చీరాల. ఇంటిపన్ను రసీదు వెనక ఇంత కథ ఉందా అనిపిస్తుంది ఆ వీధుల్లో తిరిగితే.

బ్రాడీపేటలో చిరునామా చెప్పడం చాలా తేలిక. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కొత్తవాళ్లు కూడా తప్పిపోరు. నిలువుగా లైన్లు, అడ్డంగా రోడ్లు... గళ్లనోటు పుస్తకంలో గీసినట్టు ఉంటుంది పేట. పక్కనున్న అరండల్‌పేటా అంతే. బ్రిటిష్ అధికారుల పేర్లతో వెలసిన ఈ రెండు పేటలూ గుంటూరులో చదువుకున్నవాళ్లకి, కోర్టు పనిమీద వచ్చినవాళ్లకి, డాక్టరు కోసం వచ్చినవాళ్లకి సుపరిచితాలు.

ఏ లైనులోనైనా పొద్దున్నే ఓ పది నిమిషాలు నడిచి చూడండి. ఓ పక్క నాలుగంతస్తుల అపార్టుమెంటు. దాని నీడలో మంగుళూరు పెంకుల లోగిలి. లోగిట్లో బాదంచెట్టు, చెట్టు కింద వాలుకుర్చీ. ఎదురుగా, కింద మందుల షాపూ పైన డయాగ్నొస్టిక్ సెంటరూ ఉన్న భవనం. ఆ సందు చివర నాలుగు పోర్షన్ల డాబా, గేటుకు టు-లెట్ బోర్డు. వీధి ఒక్కటే, వీధి దీపం ఒక్కటే, మురుగుకాలువా ఒక్కటే. పన్ను మాత్రం ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. ఎందుకని?

ఆ ఎందుకులోనే ఉంది ఆస్తిపన్ను మదింపు అనే పని. ఇది ఊళ్లో అందరికీ తగిలే పని, ఎవరికీ పెద్దగా తెలియని పని.

కప్పు చూసి కొలత

మామూలు మనిషి ఇంటిని చూస్తే గుమ్మం, రంగు, పూలకుండీలు కనిపిస్తాయి. పన్ను లెక్కగట్టే ఉద్యోగికి ముందుగా కనిపించేది పైకప్పు. 1990లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన మదింపు నియమాల్లో ఇళ్లను కట్టుబడిని బట్టి ఆరు రకాలుగా విడదీశారు. హంగులన్నీ ఉన్న ఆర్‌సీసీ భవనం మొదటిది. మామూలు ఆర్‌సీసీ డాబా రెండోది. మద్రాసు మిద్దెలు, రాతిపలకల కప్పులు మూడోది. మంగుళూరు పెంకులు, సిమెంటు రేకులు, జింకు రేకులు నాలుగోది. నాటు పెంకులది అయిదో స్థానం. పూరిల్లు ఆఖరిది.

మద్రాసు మిద్దె అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి, సున్నంతో బిగించి వేసే కప్పు అది. ఎండాకాలం ఇంట్లో చల్లగా ఉంటుంది. గుంటూరు ఎండల్లో దాని విలువ కాపురమున్నవాళ్లకే తెలుసు. పన్ను పుస్తకంలో మాత్రం అది పాతకాలపు కట్టుబడి, కాబట్టి రేటు తక్కువ. చల్లదనానికి లెక్కల్లో గడి లేదు మరి!

కప్పు తర్వాత కొలత. గోడల మందంతో సహా కట్టుబడి స్థలమెంతో చూస్తారు. దీన్నే ప్లింత్ ఏరియా అంటారు. ఆ తర్వాత వయసు. పాతబడేకొద్దీ తగ్గింపు పెరుగుతుంది. నాలుగోది వాడకం. అదే గదిలో మంచం వేస్తే నివాసం, బల్ల వేసి ట్యూషన్ సెంటర్ బోర్డు తగిలిస్తే వ్యాపారం. అయిదోది అన్నిటికన్నా పెద్ద చిక్కు... ఉన్న చోటు. ఊరిని జోన్లుగా విడగొట్టి నీళ్లు, రోడ్లు, దీపాలు, మురుగుకాలువలు, దగ్గర్లో బజారు, బడి వంటి సౌకర్యాలను చూసి ఒక్కో జోనుకు చదరపు మీటరుకు ఇంత అద్దె వస్తుందని ఖరారు చేస్తారు. పట్నంబజారులో రోడ్డు మీదున్న మడిగెకీ, అదే కొలతతో వెనకసందులో ఉన్న గదికీ ఒక రేటు పెడితే ఎవరు ఒప్పుకుంటారు?

ఇదంతా కాగితం మీద సాఫీగానే ఉంటుంది. చిక్కు వచ్చేది గుమ్మం దగ్గర. పైన వేసిన రేకుల గది లెక్కలోకి వస్తుందా? మేడమెట్ల కింద అల్మరా పెట్టుకుంటే అది గదా? పక్కింటాయనకి తక్కువెందుకు వేశారు? టేపు పట్టుకున్న ఉద్యోగికి ఇవి రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. ఒక అడుగు అటూ ఇటూ అయితే అది ఆ ఒక్క ఏడాదితో పోదు. మళ్లీ ఎవరో వచ్చి సరిదిద్దేదాకా ఏటా బిల్లులో వస్తూనే ఉంటుంది. అందుకే కొలత ఎంత ముఖ్యమో, కొలిచేటప్పుడు ఇంటాయన పక్కన ఉండడమూ అంతే ముఖ్యం.

సొంతింటికి అద్దె ఎంత?

ఇక్కడో తమాషా గమనించారా? ఇంట్లో ఉండేది యజమానే. అద్దె ఇచ్చేవారూ లేరు, పుచ్చుకునేవారూ లేరు. అయినా దశాబ్దాల పాటు పన్ను లెక్కంతా అద్దె మీదే నడిచింది. 'ఈ ఇంటిని అద్దెకిస్తే సహేతుకంగా ఎంత రావచ్చు' అన్నదే 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలికల చట్టంలోని మూలసూత్రం. ఏడాది అద్దెను ఊహించి, మరమ్మతుల ఖర్చు కింద కొంత తీసేసి, మిగిలినదాని మీద ఇంత శాతమని పన్ను వేసేవారు. కోస్తా జిల్లాల పురపాలికల్లో 1965లో కొత్త చట్టం వచ్చేదాకా ఇదే చెల్లింది. కొత్త చట్టంలోనూ అద్దె మాట పోలేదు.

ఈ 'సహేతుకంగా' అన్న ఒక్క మాట మీదే గుంటూరులో పేచీ మొదలైంది. పురపాలక సంఘం పన్నులు పెంచింది. ఊళ్లో అద్దెలు పెరిగాయి కాబట్టి ఇళ్ల విలువా పెరిగిందన్నది సంఘం వాదన. పన్ను చెల్లింపుదారుల సంఘం ఊరుకోలేదు. వాళ్ల ప్రశ్న చాలా సూటిగా ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఇంటి యజమాని 'న్యాయమైన అద్దె' కన్నా ఎక్కువ వసూలు చేయడానికి వీల్లేదు. చట్టం నన్ను పుచ్చుకోవద్దన్న అద్దెను పుచ్చుకున్నట్టు ఊహించి పన్నెలా వేస్తారు?

బాగుంది కదూ ప్రశ్న! సుప్రీంకోర్టుకూ బాగానే నచ్చింది. గుంటూరు పురపాలక సంఘానికీ, పన్ను చెల్లింపుదారుల సంఘానికీ మధ్య నడిచిన ఆ కేసులో 1970లో తీర్పు వచ్చింది. అద్దె కంట్రోలరు దగ్గరికి ఎవరూ వెళ్లకపోయినా, న్యాయమైన అద్దె ఇంతని అధికారికంగా తేలకపోయినా సరే, ఆ చట్టం లెక్క ప్రకారం ఎంత రావాలో దాన్ని దృష్టిలో పెట్టుకునే పురపాలిక విలువ కట్టాలని చెప్పింది న్యాయస్థానం. పురపాలిక ఓడింది, ఊరు గెలిచింది.

అసలు మెలిక ఆ 'న్యాయమైన అద్దె'లో ఉంది. దాన్ని తేల్చడానికి చట్టం చూడమన్న ఆధారాల్లో మొదటిది ఏమిటో తెలుసా? 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దెలు! రెండో ఆధారం ఇంకా విచిత్రం. అదే కాలానికి పురపాలిక పన్ను పుస్తకంలో రాసి ఉన్న అద్దె విలువ. అంటే పురపాలిక వెళ్లి అద్దె చట్టాన్ని అడగాలి, అద్దె చట్టం వచ్చి పురపాలిక పాత పుస్తకాన్ని అడుగుతుంది. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అన్నట్టు!

గుంటూరు మాట... ఢిల్లీ బాట

ఆ తీర్పు గుంటూరుతో ఆగలేదు. 1980లో న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీ కేసులోనూ సుప్రీంకోర్టు అదే దారిన నడిచింది. అద్దె నియంత్రణ ఉన్న నగరాల్లో చట్టబద్ధమైన అద్దెను మించి పన్ను విలువ కట్టకూడదని గట్టిగా చెప్పింది. సొంతిళ్లలో ఉన్నవాళ్లకి, పాత ఇళ్ల యజమానులకి ఇది కొండంత అండ.

పురపాలికలకు మాత్రం ఇది గుదిబండ అయింది. నీళ్ల పైపులు, సిమెంటు, డీజిల్... అన్నిటి ధరలూ పెరుగుతున్నాయి. పన్ను మాత్రం పాత అద్దెల దగ్గరే నిలిచిపోయింది. కొత్త కాలనీలో నిన్న కట్టిన ఇంటికి ఎక్కువ, నడిబజారులో తాతలనాటి మేడకు తక్కువ. పన్ను కట్టేవాడికి న్యాయం చేసిన తీర్పే, చెత్త ఎత్తేవాడి జీతానికి కటకట తెచ్చింది. తప్పు తీర్పుది కాదు, లెక్కకు ఆధారమైన చట్టం కాలంతో నడవకపోవడానిది.

అందుకే ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి వెతుక్కుంది. అందరికన్నా ముందు పట్నా నగరం 1993లో విస్తీర్ణం లెక్కకు మళ్లింది. ఇల్లు ఏ రోడ్డు మీద ఉంది, కట్టుబడి ఏ రకం, వాడకం ఏమిటి... ఈ మూడూ చూసి చదరపు అడుగుకు ఇంతని రేటు కట్టేసింది. అంతకుముందు 43.75 శాతం ఉన్న పన్ను శాతాన్ని 9కి దించింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ కూడా చట్టాన్ని సవరించి, అద్దె నియంత్రణతో పనిలేకుండా జోన్ల వారీగా అద్దె విలువలు ఖరారు చేసే పద్ధతిని 1990 నియమాలతో తెచ్చింది. పైన చెప్పుకున్న ఆరు రకాల కప్పులూ అక్కడివే. 1866లో పురపాలికగా మొదలై 1994లో నగరపాలక సంస్థగా ఎదిగిన గుంటూరు కూడా ఈ లెక్కలోకే వచ్చింది.

ఊరే కదిలిపోయిన వేళ

పన్ను విషయంలో కోర్టుకు వెళ్లడం ఒక పద్ధతి. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సముద్రం వైపు వెళితే ఇంకో పద్ధతి కనిపిస్తుంది. మగ్గాల చప్పుడు వినిపించే చీరాల, దాన్ని ఆనుకుని ఉన్న పేరాల. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఈ జంట ఊళ్లు నూరేళ్ల కిందట గుంటూరు జిల్లాలోవే.

1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్లను కలిపి పురపాలికగా మార్చాలని నిర్ణయించింది. అంతవరకూ యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి దాదాపు 4 వేల రూపాయలుండే పన్ను ఒక్కసారిగా 40 వేలకు చేరిందని ఉద్యమ చరిత్ర చెబుతుంది. ఊరు పదింతలు పెరగలేదు, మగ్గం మీద సంపాదన పదింతలు కాలేదు. నేతపని చేసుకునేవాళ్లు, చిన్నకారు రైతులు, కూలీలు... ఎక్కడినుంచి తెస్తారు? 'పురపాలిక వద్దు మహాప్రభో' అని అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు. జనం పన్నులు కట్టడం మానేశారు. కొందరు జైలుకెళ్లారు, వారిలో ఒక మహిళ కూడా ఉన్నారు.

ఈ పోరాటానికి నాయకుడు 'ఆంధ్రరత్న' దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో ఎమ్మే చదివి వచ్చిన పండితుడు, 'రామదండు' పేరుతో స్వచ్ఛంద సేవకుల్ని కూడగట్టిన కార్యకర్త. 1921 ఏప్రిల్‌లో విజయవాడ కాంగ్రెస్ సమావేశం తర్వాత గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన చూపిన దారులు రెండు. హింసకు తావివ్వకుండా పన్ను నిరాకరించడం ఒకటి, ఊరే వదిలి పురపాలిక హద్దు దాటి పోవడం రెండోది. చీరాల రెండోదాన్ని ఎంచుకుంది.

ఆ వేసవిలో బండ్ల మీద మూటాముల్లె, చంటిపిల్లలు, మగ్గాల సామాను... పదిహేను వేలమంది దాకా ఉన్న జనాభాలో సుమారు పదమూడు వేలమంది కదిలిపోయారు. ఊరవతల పాకలు వేసుకుని ఆ చోటుకు రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. నాయకుడు లోపల, చేతిలో డబ్బు ఆడదు. చివరికి జనం తిరిగి ఇళ్లకు చేరుకోక తప్పలేదు.

ఓడిపోయారనవచ్చు. కానీ ఆ పదకొండు నెలలు ఒక మాటను గట్టిగా చెప్పాయి. ఊరికి ఎంత ఖర్చవుతుందన్న లెక్క ఒకటే చాలదు, ఇంటివాడు ఎంత మోయగలడన్న లెక్కా ఉండాలి. పన్ను మదింపులో ఇప్పటికీ తెగని ముడి అదే.

2021లో తిరగబడిన లెక్క

చీరాల ముడిని మళ్లీ గుర్తుచేసిన మార్పు ఈ మధ్యే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 చివర్లో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె లెక్కకు స్వస్తి చెప్పింది. దాని స్థానంలో మూలధన విలువ వచ్చింది. అంటే స్థలానికి, కట్టడానికి రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువను కలిపి, దాని మీద శాతం వేస్తారన్నమాట. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం దాకా, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పరిధి పెట్టారు. ఆ పరిధిలో ఎంత అన్నది స్థానిక సంస్థ తేల్చుకోవాలి. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే ఉంటే ఏడాదికి 50 రూపాయలే అన్నారు. పాత పన్ను మీద పెంపు ఒక ఏడాదిలో 15 శాతం దాటదనీ చెప్పారు.

ఈ పద్ధతి వెనక వాదన లేకపోలేదు. అద్దె విలువలు ఒకసారి ఖరారు చేస్తే ఏళ్ల తరబడి కదలవు. పెంచితే ఓట్లు పోతాయని ఎవరూ ముట్టుకోరు. నివాస భవనాలకు 2002లో, నివాసేతర భవనాలకు 2007లో సవరించిన తర్వాత ఆ పుస్తకం మళ్లీ తెరుచుకోలేదు. రిజిస్ట్రేషన్ విలువలైతే ఎప్పటికప్పుడు సవరిస్తారు. ఉద్యోగి ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. కోట్ల విలువైన స్థలంలో ఉన్నవాడు, ఊరి చివర అరసెంటులో ఉన్నవాడు ఎవరి వాటా వాళ్లు కడతారు.

మరి అభ్యంతరమేమిటి? బ్రాడీపేటలో ఆ బాదంచెట్టు లోగిలి గుర్తుందిగా! అలాంటి ఇంట్లో ఉండే ఓ పెన్షన్ పెద్దాయన్ని ఊహించుకోండి. రెండు వందల గజాల స్థలం. గజం పుస్తక విలువ 40 వేలు అనుకుంటే స్థలానికే 80 లక్షలు. పాత పెంకుటిల్లు కాబట్టి కట్టడానికి ఓ 5 లక్షలు. మొత్తం 85 లక్షలు. కనిష్ఠంగా 0.10 శాతం వేసినా ఏడాదికి 8,500 రూపాయలు. పాత పద్ధతిలో ఆయన 3,600 కడుతున్నాడనుకుందాం. పదిహేను శాతం కట్టుబాటు ఉంది కాబట్టి మొదటి ఏడాది 4,140 మాత్రమే. రెండో ఏడాది 4,761. అలా మెట్టుమెట్టుగా ఎక్కి ఏడో ఏడాదికి 8,500 చేరుతుంది. ఈలోగా గజం విలువ పెరిగితే ఆ మెట్లు ఇంకా పైకి పోతాయి.

ఆ పెద్దాయన స్థలం విలువ పెరిగింది, నిజమే. కానీ ఆ పెరుగుదల ఆయన చేతికి ఎప్పుడొస్తుంది? ఇల్లు అమ్మితేనే! అమ్మే ఉద్దేశం లేనివాడికి అది కాగితం మీద సంపదే. పెన్షన్ పుస్తకంలో అది కనబడదు. పైగా గుంటూరు చుట్టుపక్కల స్థలాల ధరలు 2014 తర్వాత రాజధాని ఆశతో ఎలా ఎగిశాయో, మధ్యలో ఎలా చతికిలపడ్డాయో అందరూ చూసినదే. అందుకే 2021లో రాష్ట్రంలోని పట్టణాల్లో పన్ను చెల్లింపుదారుల సంఘాలు మళ్లీ రోడ్డెక్కాయి. ఒకప్పుడు 'రాని అద్దెకు పన్నా?' అని అడిగిన ప్రశ్నే, 'అమ్మని స్థలానికి పన్నా?' అని రూపం మార్చుకుంది.

పన్ను వేయండి బాబూ!

పన్ను వద్దనేవాళ్ల సంగతి సరే. పన్ను వేయమని బతిమాలే వాళ్లుంటారంటే నమ్ముతారా? ఏ నగరంలోనైనా ఉంటారు. కాలువగట్టు మీదో, రైల్వే స్థలం పక్కనో రేకుల ఇల్లు వేసుకున్నవాళ్లకి చేతిలో పట్టా ఉండదు. ఇంటిపన్ను రసీదు ఒకటుంటే చిరునామాకు ఆధారం దొరుకుతుందని, కరెంటు మీటరుకో రేషను కార్డుకో పనికొస్తుందని ఆశ. పేరు మీద నంబరు పడితే ఊరు తమను లెక్కలోకి తీసుకున్నట్టేనన్న ధైర్యం. మేడలో ఉన్నవాడికి భారంగా కనిపించే ఆ చిన్న కాగితం, గుడిసెలో ఉన్నవాడికి ట్రంకుపెట్టె అడుగున దాచుకునే ఆస్తి.

చట్టం మాత్రం అంత దయ చూపదు. పన్ను రసీదు యాజమాన్య హక్కు పత్రం కాదు. అనుమతి లేకుండా కట్టిన అంతస్తుకు పన్ను వేసినా అది సక్రమం అయిపోయినట్టు కాదు. పైగా అలాంటి కట్టడాలకు పన్ను మీద నూరు శాతం దాకా జరిమానా కలుస్తుంది.

ఊరి చివర కథ ఇంకోలా ఉంటుంది. 2012లో నల్లపాడు, గోరంట్ల, అడవితక్కెళ్లపాడు, ఏటుకూరు సహా పది పంచాయతీలను గుంటూరులో కలిపారు. నిన్నటిదాకా పంచాయతీ ఇంటిపన్ను కట్టినవాళ్లు ఒక్కసారిగా నగరవాసులయ్యారు. పక్కన పత్తిచేను, ఎదురుగా అపార్టుమెంటు ఉన్న ఆ అంచుల్లో ఇంటికి విలువ కట్టడం టేపు పట్టుకున్నవాడికి నిజమైన పరీక్ష. దాన్ని పల్లె అనాలా, నగరం అనాలా? నీళ్ల పైపు వచ్చాక నగరమా, రాకముందే నగరమా? ఇలాంటి అంచులు ప్రతి నగరానికీ ఉన్నాయి. అక్కడివాళ్లు అడిగేదీ ఒకటే... బిల్లు వచ్చినంత త్వరగా నల్లా రావాలని.

రూపాయి ఎటు పోతుంది?

తెల్లవారుజామున జిన్నా టవర్ సెంటర్‌లో చీపుళ్లు కదులుతాయి. కొత్తపేట ఆస్పత్రుల వీధుల్లో జనం నిండకముందే చెత్తబండ్లు తిరుగుతాయి. సాయంత్రం లైన్లన్నిట్లో దీపాలు వెలుగుతాయి. ఇంటిపన్నులో సాధారణ పన్నుతోపాటు నీరు, మురుగు, దీపాలు, పారిశుద్ధ్యం పేర్లతో ఉండే భాగాలు ఈ పనులకోసమే. ఇంకో చిన్న భాగం ఉంది, చాలామంది గమనించరు. గ్రంథాలయ సెస్సు. రూపాయి పన్నుకు ఎనిమిది పైసలు. మీ ఊరి లైబ్రరీలో పొద్దున్నే పేపరు చదివే కుర్రాడి బల్ల మీద మీ ఇంటి ఎనిమిది పైసలున్నాయన్నమాట.

దేవుడి హుండీలో వేసిన డబ్బు ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. పన్ను డబ్బు మాత్రం అడిగి తీరాలి. గుంటూరువాళ్లు అడిగారు కాబట్టే దేశానికి ఒక సూత్రం దొరికింది. చీరాలవాళ్లు కదిలారు కాబట్టే మోయగలిగినంతే మోపాలన్న మాట చరిత్రకెక్కింది. ఇంటి విలువ కట్టడం టేపుతో అయిపోయే పని కాదని, ఊరికీ ఇంటికీ మధ్య కుదరాల్సిన ఒప్పందమని ఈ రెండు ఊళ్లూ చెబుతాయి. ఆ ఒప్పందం ఏటా ఏప్రిల్‌లో బిల్లు రూపంలో గుమ్మం ముందుకొస్తుంది. మడిచి అల్మరాలో పెట్టేయకుండా ఓసారి విప్పి చదవండి!

బిల్లు చేతికొచ్చాక...

* పేరు ఎవరిదో చూడండి. తాతగారి పేరుతోనే బిల్లులు వస్తున్న ఇళ్లు చాలా ఉంటాయి. రిజిస్ట్రేషన్ అయిపోతే సరిపోదు, పన్ను పుస్తకంలో పేరు మార్పిడి జరిగిందో లేదో సరిచూసుకోవాలి.

* కట్టుబడి విస్తీర్ణం, కప్పు రకం, వాడకం సరిగా పడ్డాయా? కింది షాపు మూసేసి మళ్లీ ఇంటికి వాడుకుంటుంటే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలి.

* పెంచుతూ నోటీసు వస్తే తేదీ చూసుకోండి. అభ్యంతరం చెప్పడానికి గడువుంటుంది. ఆ గడువులోగా రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపితే పన్ను ఆగదు, గడువు మాత్రం పోతుంది.

* ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేసినవారికి 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. బకాయి పెడితే నెలనెలా వడ్డీ పడుతుంది.

హైదరాబాద్‌లో 3.5 మర్మం

భాగ్యనగరంలో పన్ను అద్దె విలువ మీదే నడుస్తూ వచ్చింది. నివాసాలకు నెలవారీ అద్దె విలువను బట్టి 17, 19, 22, 30 శాతాల అంచెలుంటాయి. వ్యాపార భవనాలకు మాత్రం ఒకటే సూత్రం చెబుతారు. విస్తీర్ణాన్ని చదరపు అడుగు నెల అద్దెతో గుణించి, దాన్ని మూడున్నరతో గుణిస్తే ఏడాది పన్ను వచ్చేస్తుంది. ఈ మూడున్నర ఎక్కడిది? పన్నెండు నెలలు, దాని మీద 30 శాతం పన్ను, అందులో తరుగుదల కింద 10 శాతం కోత, వచ్చినదానికి 8 శాతం గ్రంథాలయ సెస్సు. కాగితం మీద లెక్కేసి చూడండి... 3.4992 వస్తుంది. సరిచేస్తే మూడున్నర!